తుంగభద్రా తీరమున బ్యాటరీ మరమ్మతు

రాయలసీమకు తీగలవెంట ప్రవహించు విద్యుత్తుకంటె జాడీలలో నిలువయుండు విద్యుత్తే ముందుగా వచ్చినది. మద్రాసు రైల్వేవారి వాయవ్యమార్గము గుంతకల్లు, ఆదోనిల మీదుగా సాగి, తుంగభద్రను దాటి, 1871వ సంవత్సరమున రాయచూరువద్ద బొంబాయినుండి వచ్చిన మార్గముతో కలిసికొన్న నాటినుండి, ఆ దారిపొడవున నెలకొన్న స్టేషనులలో తంతియంత్రములు పలుక నారంభించెను. ఆ యంత్రములకు కావలసిన శక్తి ఏ జలపాతమునుండియు ఏ ఆవిరియంత్రమునుండియు వచ్చినది కాదు. స్టేషను గదిలో నొకమూల, చెక్క అరలో వరుసగా నుంచిన జాడీలలోని లోహములనుండియు లవణద్రావకమునుండియు పుట్టినది. నేడు మంత్రాలయం రోడ్డు అని పిలువబడు స్టేషను ఆ మార్గముమీదనే యున్నది.

ఫ్రాన్సు దేశీయుడగు లెక్లాంషే 1866లో కనిపెట్టిన తడిసెల్లు రైల్వేల తంతిపనికిని గంటలపనికిని లోకమంతట వాడుకలోనికి వచ్చినది. అందులో ఒక జింకు కడ్డీ, బొగ్గుపలక, దానిచుట్టు మాంగనీసు భస్మము, వీనిని ముంచుటకు నవాసారపు నీరు; అంతకుమించి ఏమియు లేదు. కాని ఇట్టి సెల్లునకు ఎండకాలము గొప్ప శత్రువు. నీరు ఆవిరియై ద్రావకము తగ్గిపోవును. ఉప్పు జాడీ అంచులపైకి ప్రాకి తెల్లని పొరగా పేరుకొనును. జింకు కడ్డీ పుచ్చిన పంటివలె తరిగిపోవును. కావున నీరు నింపుట, అంచు తుడుచుట, కడ్డీని గీకి శుభ్రపరచుట, అరిగినదానిని మార్చుట అను పనులు ఒకరు నియమముగా చేయవలసియుండెడిది. ఈ సీమలో బ్యాటరీ మరమ్మతునకు తొలి పాఠశాల రైలు స్టేషనే యని నా నమ్మకము. సెల్లు శక్తి ఉడిగినప్పుడు దానిని పారవేయక, ఏ భాగము చెడినదో చూచి ఆ భాగమును మాత్రమే మార్చుట ఆ పాఠశాల నేర్పిన విద్య.

ఆ విద్యకు ఇక్కడి నేల అనుకూలమైనది. తుంగభద్ర కుడిగట్టున, పూర్వము మంచాల యని పేరుగల మంత్రాలయ గ్రామమున, శ్రీ రాఘవేంద్రస్వామివారు 1671లో బృందావనప్రవేశము చేసిరి. ఆదోని పాలకుల ఏలుబడిలోని ఆ గ్రామము 1800లో నిజామునుండి కుంఫిణీవారికి సంక్రమించిన దత్తమండలములలో చేరినది. నది ప్రక్కనే పారుచున్నను పొలమునకు నీరెక్కని సీమ యిది. 1876లో మొదలైన ధాతకరువు జ్ఞాపకము ఇంటింట తరతరములు నిలిచిన సీమ. ఇట్టిచోట విరిగిన నాగలికి పట్టా వేయించుట, చిల్లుపడిన బిందెకు మాటు వేయించుట నిత్యజీవనమునందలి భాగములు. బ్యాటరీ వచ్చినప్పుడు దానికిని అదే మర్యాద దక్కినది.

పొడిసెల్లు, అనగా గాస్నరు అను జర్మను 1886లో లెక్లాంషే సెల్లునే ముద్దగాచేసి జింకు డబ్బాలో బిగించిన రూపము, టార్చిలైటుతోపాటు మన పల్లెలలోనికి వచ్చినది. రాత్రివేళ మడికి నీరు కట్టబోవు రైతునకును, చీకటిలో బండితోలువానికిని అది పాముభయము తీర్చినది. తరువాత ట్రాన్సిస్టరు రేడియో వచ్చినది. 1948లో విజయవాడలోను, 1963లో కడపలోను ఆకాశవాణి కేంద్రములు వెలసిన పిమ్మట, కరెంటు స్తంభము కనబడని గ్రామములందును వ్యవసాయదారుల కార్యక్రమములు, హరికథలు, వార్తలు వినబడసాగెను. 1972లో స్థాపితమై నెల్లూరులో సెల్లులు తయారుచేసిన నిప్పో కంపెనీవారి సరకు కిరాణాకొట్టులలో ఉప్పు పప్పుల ప్రక్కన చేరినది. అయినను కూలిదినములలో కొత్తసెల్లుల ఖర్చు భారమే.

అందుచేత సెల్లులను ఎండబెట్టు ఆచారము పుట్టినది. రేడియో గొంతు సన్నగిల్లగానే ఇంటి పిల్లవాడు వెనుకమూత తీసి, సెల్లులను అరుగుమీదనో మిద్దెమీదనో వరుసగా పేర్చి, మధ్యాహ్నపుటెండలో వాని నటునిటు దొరలించి, సాయంకాలము మరల బిగించెడివాడు. ఆ రాత్రికి నాటకము వినుటకు చాలునంత శక్తి వచ్చెడిది. దీనిని పామరవిశ్వాసమని కొట్టివేయువారు పొరబడుచున్నారు. పొడిసెల్లు వాడుకలోనున్నప్పుడు బొగ్గుకడ్డీ చుట్టును రసాయనక్రియవలని శేషము కూడుకొని దారి మూసివేయును; సెల్లునకు విశ్రాంతి నిచ్చినచో ఆ శేషము కొంత చెదరిపోవును; వేడి తగిలినచో ద్రావకములోని కణముల చలనము వేగవంతమగును. అనగా సెల్లులో ఇంకను మిగిలియున్న శక్తి బయటికి వచ్చుటకు దారి ఏర్పడుచున్నదేకాని, ఎండ దానిలో కొత్తశక్తిని నింపుట లేదు. కొందరు మేకుతో అడుగున చిల్లు పొడిచి ఉప్పునీటిలో నానవేసెడివారు. ఎండిపోయిన ముద్ద తడిసి సెల్లు కొంతకాలము పనిచేయును గాని, ఆ చిల్లునుండి కారిన రసము రేడియోలోని ఇత్తడిరేకులను తినివేసెడిది. ఏది నిరపాయము, ఏది అపాయము అను వివేచన ఆ అరుగులమీదనే ప్రారంభమైనది.

ఇక అసలైన వృత్తి సీసపు బ్యాటరీతో వచ్చినది. ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1859లో రెండు సీసపురేకులను గంధకామ్లములో ముంచి, ఖర్చయిన శక్తిని మరల నింపుకొనగల సాధనమును నిర్మించెను; తరువాత వచ్చిన మోటారువాహనములు దానిపై ఆధారపడినవి. మన సీమలో బస్సులు, లారీలు, తరువాత ట్రాక్టర్లు. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తియై దిగువకాలువ కర్నూలు జిల్లాలోనికి నీరు తెచ్చిన పిమ్మట ఆ కాలువక్రింది గ్రామములలో ట్రాక్టర్ల రాక. కర్నూలు 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమునకు రాజధానియై గుడారములలో కచేరీలు నడిచిన మూడేండ్లలో పెరిగిన మోటారుల రద్దీ. ఇవన్నియు ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు బజారులలో బ్యాటరీ చార్జింగు షాపులకు పనికల్పించినవి. మంత్రాలయమునకు ప్రత్యేకముగా మఱియొక కారణము గలదు. శ్రావణ బహుళమున స్వామివారి ఆరాధనోత్సవములు జరుగునప్పుడు ఊరేగింపులకు మైకుసెట్టు కావలయును. కరెంటు నిలుకడలేని కాలమున ఆ మైకుసెట్టు బండిమీద పెట్టిన బ్యాటరీతోనే నడిచెడిది. ఉత్సవమునకు ముందు వారము మైకువాని ఆందోళన అంతయు బ్యాటరీ గురించియే.

ఆ షాపులలో జరుగు పనిని దగ్గరనుండి చూచినవాడు దానిని మరువలేడు. ముందుగా బ్యాటరీపై మట్టిని, టెర్మినళ్లపై పేరిన పచ్చని చిలుమును వేడినీటితో కడుగుదురు. ఆరు మూతలు తీసి, ఒక్కొక్క గదిలోనికి హైడ్రామీటరు కొనను దించి, రబ్బరు తిత్తిని నొక్కి వదలుదురు. గాజుగొట్టములోనికి యాసిడ్ పైకి లేచును, దానిలో చిన్న బుడ్డి తేలును. ఆ బుడ్డి 1.250 గీతకు పైన తేలినచో ఆ గది ఆరోగ్యముగా నున్నది, 1.120 దగ్గరకు మునిగినచో శక్తి ఖాళీ అయినది. ఆరింటిలో ఐదు సమానముగానుండి ఒక్కటి మాత్రము మునిగినచో దోషము ఆ గదిలోనిది. యజమాని వచ్చి "చార్జి పట్టుట లేదు" అనినంతమాత్రాన పనివాడు నమ్మడు. చార్జి పట్టకపోవుట వేఱు, పట్టిన చార్జి నిలువకపోవుట వేఱు. మొదటిదానికి పలకలపై గట్టిపడిన గంధకిత లవణము కారణము. రెండవదానికి పలకలమధ్య తెగిన ఆచ్ఛాదనమో, అడుగున పేరుకొన్న సీసపుబురదయో, బోరునీరు పోసినందువలన చేరిన లోహములో కారణము. ఈ భేదమును గుర్తించుటలోనే ఆ వృత్తియొక్క గౌరవమంతయు నున్నది.

గట్టిపడిన లవణమును కరిగించుటకు వారివద్ద ఒకేఒక మందు గలదు, అది కాలము. బల్బులవరుస ద్వారా కరెంటును తగ్గించి, సన్నని ధారగా రేయింబవళ్లు రెండుమూడు దినములు ప్రవహింపజేయుదురు. తొందరపడి కరెంటు పెంచినచో పలకలు వంగును, పూత రాలిపోవును, యాసిడ్ మరుగును. ఆ మూడుదినములలో అప్పుడప్పుడు హైడ్రామీటరు దించి చూచుచు, బుడ్డి వెంట్రుకవాసి పైకి లేచినను సంతోషించు పనివారి ఓర్పు శాస్త్రజ్ఞుని ఓర్పునకు తీసిపోదని నేను నిస్సంశయముగా చెప్పుదును. నీటివిషయమున వారి పట్టుదల మరింత గట్టిది. ఈ సీమ బావినీటిలో సున్నము, ఉప్పు మెండు. ఆ నీరు ఒక్కపర్యాయము పోసినచో బ్యాటరీ ఆయుస్సు తగ్గినట్లే. డిస్టిల్డు వాటరు సులభముగా దొరకని దినములలో కొందరు తొలివానలు రెండు కురిసి గాలి, కప్పు కడిగినట్లైన పిమ్మట, ఆరుబయట గాజుపాత్రలో వాననీరు పట్టి, గుడ్డతో వడకట్టి, సీసాలలో దాచెడివారు. వానయే కరవైన చోట వాననీటికి అంతటి విలువ కట్టినవారు మఱెవరుందురు?

పలకలే పాడైనప్పుడు పాతకాలపు గట్టిరబ్బరు పెట్టెను తెరచెడివారు. పైన పోసిన తారును వేడిచేసి తొలగించి, పలకలను గుత్తిగా పైకిలాగి, చెడినవానిని వేరుచేసి, మధ్యనున్న సన్నని చెక్క ఆచ్ఛాదనములను మార్చి, సీసము కరగించి అతికి, మరల తారుపోసి మూసెడివారు. కొత్త బ్యాటరీ కొనలేని లారీయజమానికి అది వరము. కాని ఈ వరమునకు మూల్యము చెల్లించినవారు పనివారు. వారి చొక్కాలకు యాసిడ్ చిల్లులు. వారి ఊపిరిలో సీసపుపొగ. కడిగిన నీరు వీథికాలువలోనికి. సీసము దేహములో చేరి రక్తమును, నరములను, ముఖ్యముగా పసివారి మెదడును క్షీణింపజేయునని వైద్యులు ఎన్నడో చెప్పియున్నను, ఇంటి వెనుక పాకలో సీసము కరగించు ఆచారము చిరకాలము సాగినది. వృత్తిని గౌరవించుట యనగా దాని హానిని దాచుట కాదు. పాత బ్యాటరీలను వ్యాపారులు తిరిగి సేకరింపవలెనని 2001లో కేంద్రప్రభుత్వము నియమములు చేయుట ఆలస్యమైనను అవసరమైన పని.

అప్పటికే వృత్తిస్వరూపము మారుచుండెను. 1985లో తిరుపతి సమీపమున గల్లా రామచంద్రనాయుడుగారు స్థాపించిన అమరరాజా సంస్థ మన రాయలసీమలోనే పెద్దయెత్తున బ్యాటరీలు తయారుచేసినది. నీరు పోయనక్కరలేని, మూత తెరువని బ్యాటరీలు వాడుకలోనికి వచ్చినవి. పాతది ఇచ్చి ధర తగ్గించుకొని కొత్తది తీసికొనుట వాడుకయైనది. పలకలు మార్చువారు అరుదైరి. చార్జింగు షాపులు చాలవరకు అమ్మకపు దుకాణములైనవి. 2009 అక్టోబరులో తుంగభద్ర మహోగ్రరూపము దాల్చి మంత్రాలయమును, కర్నూలునగరమును ముంచివేసినప్పుడు, పాతపనితనము తెలిసినవారి విలువ మరల తెలిసివచ్చినది. బురదనీరు చొచ్చిన బ్యాటరీలోని యాసిడ్‌ను పూర్తిగా వంపివేసి, శుద్ధజలముతో కడిగి, కొత్తయాసిడ్ పోసి, నిదానముగా చార్జి చేయవలెనను జ్ఞానము అమ్మకపు దుకాణమున దొరకునది కాదు.

ఇప్పుడు తీగలేని పనిముట్ల కాలము. అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ 1961లో నికెల్-కాడ్మియం సెల్లులతో నడచు డ్రిల్లును విడుదల చేసినది. 1991లో సోనీ కంపెనీ లిథియం-అయాన్ సెల్లును అంగడికి తెచ్చిన పిమ్మట, 2005 ప్రాంతమునుండి ఆ సెల్లులు పనిముట్లలోనికి ప్రవేశించినవి. బేతంచెర్ల, ఎర్రగుంట్ల నాపరాళ్లు పరచువారు, వడ్రంగులు, అల్యూమినియం కిటికీలు బిగించువారు నేడు సంచిలో ఒక డ్రిల్లు మిషను, రెండు బ్యాటరీలు లేనిదే పనికి బయలుదేరరు. కాని మన పల్లెలో అన్నిటికంటె విరివిగా కనబడు తీగలేని పనిముట్టు, వీపున తగిలించుకొని ప్రత్తిచేలకు, మిరపచేలకు మందు కొట్టు బ్యాటరీ పంపు. దానిలో సాధారణముగా 12 వోల్టుల మూతబిగించిన సీసపు బ్యాటరీయుండును. కొత్తవానిలో లిథియం వచ్చుచున్నది.

ఈ పంపుతో మరమ్మతువృత్తికి ఋతుచక్ర మొకటి ఏర్పడినది. ప్రత్తి ఏరుట ముగిసిన పిమ్మట రైతు పంపును కడిగి, అందులోని బ్యాటరీ ఏ స్థితిలోనున్నదో చూడక, అటకమీద పెట్టును. ఖాళీగానున్న బ్యాటరీ ఎండకాలమంతయు రేకులకప్పు వేడిమిలో పడియుండును. తొలకరిపైరుకు పురుగు తగులగానే పంపు దించి చార్జరు తగిలించిన, పచ్చదీపము వెంటనే వెలుగును, పంపు మాత్రము తిరుగదు. చెరువులో పూడిక నిండినప్పుడు కొద్దినీటికే అలుగు పారినట్లు, గట్టిపడిన లవణము నిండిన బ్యాటరీ కొద్ది కరెంటుకే నిండినట్లు కనబడును, చార్జరు మోసపోవును. ఆ దినములలో ఎమ్మిగనూరు, ఆదోని దుకాణములముందు పంపులు బారులు తీరును. పనివాడు అంటించిన పైరేకును చాకుతో లేపి, రబ్బరుటోపీలు తీసి, సిరంజితో ఒక్కొక్క గదిలో కొద్దికొద్దిగా శుద్ధజలము వేసి, ఒకరాత్రి నాననిచ్చి, సన్నని కరెంటుతో చార్జిచేయును. కొన్ని లేచును, కొన్ని లేవవు. పాతషాపుల విద్యయే కొత్తపెట్టెలో మరల పనికివచ్చినది.

లిథియం బ్యాటరీ మాత్రము వేఱు జాతి. 18 వోల్టుల డ్రిల్లు బ్యాటరీని విప్పినచో, సాధారణముగా 18 మిల్లీమీటర్ల వ్యాసము, 65 మిల్లీమీటర్ల పొడవుగల సెల్లులు ఐదు వరుసగా నికెలు పట్టీలతో అతుకబడి యుండును. ఒక్కొక్కదాని వోల్టేజి సగటున 3.6 వోల్టులు, నిండినప్పుడు 4.2. ప్రక్కన ఒక చిన్న సర్క్యూటుబోర్డు కాపలాయుండును. ఏ సెల్లైనను సుమారు 2.5 వోల్టులకు దిగువకు పోయినచో, లేక వేడి మితిమీరినచో, ఆ కాపలా చార్జింగును నిరాకరించును. కావున చార్జరుపై ఎఱ్ఱదీపము మెరయుట బ్యాటరీ చచ్చిపోయినదనుటకు నిదర్శనము కాదు. మే నెలలో కర్నూలు ఎండలో పనిచేసి, వేడెక్కిన బ్యాటరీని వెంటనే చార్జరులో పెట్టినవారికి ఎదురగు నిరాకరణలలో చాలవరకు నీడపట్టున గంటసేపు ఉంచుటతో తీరునవే. మఱికొన్ని నాపరాతిపొడి పట్టిన రాగిరేకులను తుడుచుటతో తీరును.

తెలిసిన పనివాడు ముందుగా పెట్టెను వాసన చూచును, చేతితో తాకి చూచును. సెల్లు ఉబ్బినను, తియ్యని ద్రావకపువాసన వచ్చినను, ఊరకయుండగా వెచ్చబడినను దానిని ముట్టక ఇసుకబొక్కెనలో పెట్టి ఆరుబయట నుంచును. అట్లు కానిచో మల్టీమీటరుతో ఐదింటిని వేర్వేరుగా కొలుచును. నాలుగు 3.5 వోల్టులు చూపి ఒక్కటి 2.2 చూపినచో, ఆ ఒక్కదానికే, కరెంటును కట్టుదిట్టము చేయు సాధనముతో, పదోవంతు ఆంపియరు మాత్రమే ఇచ్చి, వేలు దానిమీదనే యుంచి వెచ్చదనము గమనించుచు, 3 వోల్టులు దాటువరకు నెమ్మదిగా లేపును. పిమ్మట రాత్రంతయు విడిచి, ఉదయము మరల కొలుచును. ఎక్కిన వోల్టేజి దిగకుండినచో కంపెనీ చార్జరుకు అప్పగించును. దిగినచో ఆ సెల్లు లోపల చిల్లుపడినదని నిర్ణయించి విడిచిపెట్టును.

1.5 వోల్టులకు దిగువన వారములతరబడి పడియున్న సెల్లును లేపుటకు అతడు ఒప్పుకొనడు. అట్టి సెల్లులో రాగిరేకు కరిగి ద్రావకములో చేరియుండును, మరల చార్జిచేసినచో ఆ రాగి ముళ్లవలె పేరుకొని లోపల రెండుప్రక్కలను కలిపివేయును, అగ్ని పుట్టును. మంచి బ్యాటరీనుండి రెండు తీగలు లాగి చెడినదానికి తగిలించి "లేపుట" యను మోటుపద్ధతి నేడు ఊరూర వ్యాపించియున్నది. కరెంటునకు ఏ హద్దును లేని ఈ పద్ధతిని నేను గట్టిగా నిషేధింతును. సీసపు బ్యాటరీ తప్పుచేసిన పనివానికి చొక్కామీద చిల్లు పెట్టి హెచ్చరించెడిది. లిథియం ముందుగా హెచ్చరింపదు.

ఇచ్చట ఒకమాట చెప్పక తప్పదు. తడిసెల్లును స్టేషను పనివాడు విప్పగలిగెను. సీసపు పెట్టెను చార్జింగు షాపువాడు విప్పగలిగెను. నేటి బ్యాటరీపెట్టెలలో కొన్నింటి కాపలాబోర్డు ఒక్కపర్యాయము దోషము గుర్తించినచో, దోషము సరిదిద్దిన పిమ్మటను తాళము తీయదు. భద్రతకొఱకు తాళము అవసరమే. కాని తాళముచెవి నేర్పుగల పనివానికి అందకుండుట న్యాయము కాదు. ఓర్వకల్లు ప్రాంతమున 2017లో వెయ్యి మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వెలసిన జిల్లాలో, విద్యుత్తును నిలువచేయు సాధనములు ఇకమీద ఇంటింటికి రాకమానవు. 2022 ఆగస్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థముల నియమావళి, వాడిన బ్యాటరీల సేకరణభారమును తయారీదారులపై నుంచి, బాగుచేసి మరల వాడుటనుకూడ గుర్తించినది. ఆ గుర్తింపు ఆదోని బజారులోని బల్లవద్దకు చేరవలెనన్న, ఐటీఐలలో ఈ పని నేర్పవలెను, పరికరములు సమకూర్చవలెను, ఇసుకబొక్కెనతోసహా.

ఈలోపల దుకాణదారులు తమంత తాము ఒక కొత్త ఆచారము నెలకొల్పుచున్నారు. ప్రత్తికాలము ముగియగానే పంపు దాచుటకు ముందు ఏమి చేయవలెనో రైతునకు నోటిమాటగా చెప్పి పంపుచున్నారు: సీసపుదైనచో నిండుగా చార్జిచేసి, ఎండకాలమున నెలకొకమారు మరల చార్జరు తగిలింపవలెను; లిథియముదైనచో సగము చార్జితో పంపునుండి విప్పి, రేకులకప్పు క్రింద కాక, మట్టిగోడల గదిలో నేలమీద పెట్టవలెను.